ఎర్రర్ వచ్చింది సరే, ఇప్పుడు ఎవరి వంతు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి, అందులోనూ దాదాపు అన్నీ ఏపీఐ సర్వర్‌లో (యాప్ అడిగినదానికి వెనక నుంచి జవాబిచ్చే ప్రోగ్రామ్) ఎర్రర్ల గురించే. ఒకరి ప్రశ్నలో ఇంకొకరికి సగం జవాబు ఉంది కాబట్టి అన్నీ ఒక్కచోటే వేస్తున్నాం. కొన్ని ఉత్తరాలు బాగా కుదించాం, ఏమనుకోకండి.

ప్రశ్న: మా బాబాయిది పలాసలో జీడిపప్పు వ్యాపారం. టోకు ఆర్డర్ల కోసం యాప్ పెట్టాం, వెనక సర్వర్ నేనే నోడ్, ఎక్స్‌ప్రెస్‌లో (జావాస్క్రిప్ట్‌తో సర్వర్ రాసే సాధనాలు) రాశాను. ఏ తప్పు జరిగినా 200 కోడ్‌తోనే 'సక్సెస్: ఫాల్స్' అని మెసేజ్ పెట్టి పంపిస్తున్నా. యాప్ రాసే నా ఫ్రెండ్ ఇది పద్ధతి కాదంటున్నాడు. మెసేజ్ వెళ్తోంది కదా సార్, కోడ్ ఏదైతే ఏంటి?
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: మీ ఫ్రెండ్ వైపే నా ఓటు. కాకపోతే 'పద్ధతి కాదు' అంటే మీకు నమ్మకం కుదరదు, నాకూ కుదరదు. నష్టం ఎక్కడుందో చూద్దాం.

స్టేటస్ కోడ్‌ని, అంటే పని అయిందో లేదో చెప్పే 200 లాంటి నంబరుని, చదివేది మీ ఫ్రెండ్ యాప్ ఒక్కటే కాదు. మధ్యలో మీ సర్వర్ ముందు నిలబడి రిక్వెస్టులు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ ఉంటుంది, జవాబుల కాపీలు దగ్గర్లో ఉంచే సీడీఎన్ ఉండొచ్చు, వచ్చినదాన్ని దాచుకునే బ్రౌజర్ కాష్ ఉంటుంది, సర్వర్ బతికుందా లేదా అని మాటిమాటికీ తట్టి చూసే మానిటరింగ్ ఉంటుంది. వీటిలో ఏదీ మీ జేసన్ (జవాబు లోపలి సమాచారం) విప్పి లోపల 'ఫాల్స్' అని రాసుందా అని వెతకదు, పైన 200 కనబడితే అంతా బాగుందనుకుంటుంది. ఇప్పుడు ధరల పట్టికని పది నిమిషాలు కాష్‌లో ఉంచొచ్చని మీరు హెడర్ పెట్టారనుకోండి. సరిగ్గా అప్పుడే డేటాబేస్ ఆగిపోయి, మీ కోడ్ 200తో 'ఎర్రర్' అని పంపింది. కాష్ దాన్నే అసలు జవాబనుకుని దాచుకుంటుంది, డేటాబేస్ లేచి కూర్చున్నాక కూడా డబ్ల్యూ 320 రకం పప్పు రేటు అడిగినవాళ్లకి ఆ పాత ఎర్రరే వడ్డిస్తుంది. బాబాయికి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటాయి, మీ డాష్‌బోర్డ్ మాత్రం పచ్చగా కళకళలాడుతుంటుంది.

నా దృష్టిలో ఎర్రర్ జవాబు ముందుగా చెప్పాల్సింది ఏం తప్పు జరిగిందన్నది కూడా కాదు, ఇప్పుడు ఎవరి వంతు అన్నది. 400ల్లో ఏ కోడ్ వచ్చినా పంపినవాళ్ల వంతు: ఉన్నదున్నట్టు మళ్లీ పంపితే మళ్లీ అదే జవాబు వస్తుంది, ఏదో ఒకటి మార్చి పంపాలి. 500ల్లో వస్తే సర్వర్ వాళ్ల వంతు: మీరు పంపిందాంట్లో తప్పు లేదు, కాసేపాగి అదే పంపినా పని జరగొచ్చు. దీనికి ముఖ్యమైన మినహాయింపు 429, 'మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు, ఆగి రండి' అని; అది 400ల్లో ఉన్నా, ఆగి అదే పంపితే సరిపోతుంది. ఈ ఒక్క తేడా కోడ్‌లోనే తెలిసిపోతే యాప్ రాసేవాడికి సగం తలనొప్పి తగ్గుతుంది, ఎప్పుడు మళ్లీ ప్రయత్నించాలో, ఎప్పుడు మనిషికి చూపించాలో ప్రోగ్రామే తేల్చుకుంటుంది.

మీ పనికి ఎక్కువ కోడ్‌లు అక్కర్లేదు. లాగిన్ అవ్వలేదు అంటే 401, లాగిన్ అయ్యాడు కానీ ఇంకొకరి బిల్లు చూడబోయాడు అంటే 403, ఆ నంబరు ఆర్డరే లేదు అంటే 404. చివరి 10 కిలోల డబ్బా కోసం ఇద్దరు వ్యాపారులు ఒకేసారి నొక్కితే వెనకబడ్డవాడికి 409. పంపిన వివరాల్లో తప్పుంటే 400 పెట్టాలా 422 పెట్టాలా అని జనం జుట్టు పట్టుకుంటారు. 422 మొదట వెబ్‌డావ్ (వెబ్ మీద ఫైళ్లు దిద్దే పద్ధతి) కోసం పుట్టి, 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110 అనే ప్రమాణ పత్రంతో మామూలు హెచ్‌టీటీపీలో చేరింది, రెండిట్లో ఏదైనా పర్వాలేదు, ఏదో ఒకటి పట్టుకుని సర్వరంతా అదే వాడండి. ఇంకో మాట, 'ఈ రోజు ఆర్డర్లు చూపించు' అంటే ఒక్కటీ లేకపోతే అది ఎర్రర్ కాదు, 200 ఇచ్చి ఖాళీ లిస్టు పంపండి. 404 పెడితే 'ఆర్డర్లు లేవు' అన్న మాట యాప్‌లో 'పేజీ దొరకలేదు' అయిపోతుంది, బాబాయి కంగారు పడతాడు.

గ్రాఫ్‌క్యూఎల్ (ఏపీఐ రాసే ఇంకో పద్ధతి) వాళ్లు 200తోనే ఎర్రర్లు పంపుతారు కదా అని మీరు అడగొచ్చు. నిజమే, కానీ దాని క్లయింట్ లైబ్రరీలన్నీ లోపలున్న ఎర్రర్ల లిస్టుని చూసేలాగే రాసుంటాయి. మీది ఆ బాపతు కాదు.

కోడ్‌లు మార్చే ముందు మీ ఫ్రెండ్‌కి చెప్పండి. బ్రౌజర్‌లో ఉండే, సర్వర్‌ని పిలిచే ఫెచ్, 404 వచ్చినా 500 వచ్చినా ఎర్రర్ విసరదు, 'ఓకే' అన్న గుణం చూసుకోవాల్సింది మనమే. అదే పని చేసే యాక్సియోస్ లైబ్రరీ మాత్రం 200ల్లో లేని ప్రతిదాన్నీ తనంతట తానే ఎర్రర్‌గా విసురుతుంది. ఏది వాడుతున్నాడో కనుక్కోకుండా రాత్రికి రాత్రి మార్చేస్తే తెల్లారి ఇద్దరికీ గొడవే.

ప్రశ్న: ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం, ప్రాజెక్టు కోసం ఎక్స్‌ప్రెస్ 4లో ఏపీఐ రాస్తున్నా. ప్రతి ఫంక్షన్‌లో ట్రై-క్యాచ్ రాసి రాసి విసుగొచ్చింది. ఎక్కడైనా ఒకటి మర్చిపోతే రిక్వెస్ట్ అలా తిరుగుతూనే ఉంటుంది, జవాబు రాదు, ఎర్రరూ రాదు. ఒక్కోసారి సర్వర్ మొత్తం ఆగిపోతోంది. ఏది ఎక్కడ పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: ముందు ఆ తిరుగుడు సంగతి. ఎక్స్‌ప్రెస్ 4కి అసింక్ ఫంక్షన్ల (జవాబు తర్వాత వచ్చే పనుల) సంగతి పట్టదు. మీ రూట్‌లో 'అవెయిట్' దగ్గర ఎర్రర్ వస్తే ఆ ప్రామిస్ (జవాబు తర్వాత ఇస్తానన్న మాట) రిజెక్ట్ అవుతుంది కానీ ఎక్స్‌ప్రెస్‌కి కబురు అందదు, కాబట్టి క్లయింట్ టైమవుట్ అయ్యేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పట్టించుకోని రిజెక్షన్ ఉంటే ప్రాసెస్‌నే ఆపెయ్యడం 2020లో వచ్చిన నోడ్ 15 నుంచి మొదలైంది, మీ సర్వర్ మొత్తం ఆగిపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. ఎక్స్‌ప్రెస్ 5 2024లో విడుదలైంది, అందులో రిజెక్ట్ అయిన ప్రామిస్‌ని ఎక్స్‌ప్రెస్ తనంతట తానే ఎర్రర్ హ్యాండ్లర్‌కి పంపిస్తుంది. కొత్త ప్రాజెక్టే కదా, వీలైతే 5కి మారిపోండి. వీలు కాకపోతే రూట్ ఫంక్షన్‌ని చుట్టి, ఎర్రర్ వస్తే 'నెక్స్ట్'కి అప్పజెప్పే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుని అన్ని రూట్లకీ తగిలించండి.

ఇక ఎక్కడ పట్టుకోవాలంటే, పట్టుకుని ఏదైనా చెయ్యగలిగిన చోటే పట్టుకోండి. ఎస్‌ఎంఎస్ పోకపోతే ఈమెయిల్ పంపుతాను అనుకుంటే అక్కడ ట్రై-క్యాచ్‌కి అర్థముంది. ఊరికే పట్టుకుని కన్సోల్‌లో అచ్చేసి వదిలెయ్యడానికైతే వద్దు, అది పైకి వెళ్లాల్సిన వార్తని మధ్యలో నొక్కెయ్యడమే. మిగతావన్నీ పైకి పోనిచ్చి, రూట్లన్నిటి తర్వాత చివర్లో ఒకే ఒక్క ఎర్రర్ మిడిల్‌వేర్‌లో (రూట్లు విసిరిన ఎర్రర్లన్నీ చేరే ఫంక్షన్) పట్టుకోండి.

ఆ మిడిల్‌వేర్ దగ్గర మూడు చిన్న ఇరుకులున్నాయి, ఇవి పాఠాల్లో ఎక్కువగా చెప్పరు. మొదటిది, దానికి నాలుగు ఆర్గ్యుమెంట్లు ఉండి తీరాలి: ఎర్రర్, రిక్వెస్ట్, రెస్పాన్స్, నెక్స్ట్. ఎక్స్‌ప్రెస్ ఆ ఫంక్షన్‌కి ఎన్ని ఆర్గ్యుమెంట్లున్నాయో లెక్కబెట్టే ఇది ఎర్రర్ హ్యాండ్లరో కాదో తేల్చుకుంటుంది. 'నెక్స్ట్' వాడట్లేదు కదా అని లింటర్ (కోడ్‌లో లోపాలు వెతికే సాధనం) గోల పెడుతుంది, మీరు తీసేస్తారు, ఆ క్షణం నుంచి అది మామూలు మిడిల్‌వేర్ అయిపోతుంది, ఎర్రర్లన్నీ దాన్ని దాటుకుని వెళ్లిపోతుంటాయి. అక్కడ లింటర్ నోరు మూయించండి తప్ప నాలుగోదాన్ని ముట్టుకోకండి.

రెండోది, జవాబు సగం వెళ్లాక ఎర్రర్ వస్తే కోడ్ మార్చడానికి ఇంకేమీ ఉండదు, హెడర్లు అప్పటికే వెళ్లిపోయాయి. 'హెడర్స్ సెంట్' నిజమో కాదో చూసుకుని, నిజమైతే ఎర్రర్‌ని 'నెక్స్ట్'కి ఇచ్చేసి పక్కకి తప్పుకోండి, ఎక్స్‌ప్రెస్ ఆ కనెక్షన్‌ని తెంచేస్తుంది. సగం జేసన్‌కి తోక తగిలించడం కన్నా తెంచడమే మేలు.

మూడోది నేను చూసిన చాలా ప్రాజెక్టుల్లో ఉంది. క్లయింట్ కామా మర్చిపోయి పాడైన జేసన్ పంపితే, దాన్ని విప్పే ఎక్స్‌ప్రెస్ పార్సర్ 400 అని రాసున్న ఎర్రర్‌నే విసురుతుంది. ఫొటోని బేస్64గా, అంటే అక్షరాల వరుసగా మార్చి, కుక్కి పంపితే 413 విసురుతుంది, ఎందుకంటే మీరు మార్చకపోతే దాని పరిమితి 100 కేబీయే. మీ హ్యాండ్లర్ మాత్రం 'తెలియని ఎర్రర్, 500' అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది. వాళ్ల వంతుని మీ నెత్తిన వేసుకున్నట్టన్నమాట. ఎర్రర్ మీద స్టేటస్ ఉండి అది 400ల్లో ఉంటే దాన్నే పంపండి, లేకపోతేనే 500.

మీరు ఊహించిన ఎర్రర్లకి ఒక క్లాస్ పెట్టుకోండి, కోడ్, స్టేటస్ అందులోనే ఉంటాయి. ఊహించనివి, అంటే లేని వస్తువు మీద గుణం చదవబోవడం లాంటివి, మీ కోడ్‌లోని బగ్గులు. వాటికి లాగ్‌లో పూర్తి వివరం రాసి, బయటికి 500 ఒక్కటే ఇవ్వండి. ఇదంతా దాటుకుని ఎర్రర్ ప్రాసెస్ దాకా వచ్చేసిందంటే లాగ్ రాసుకుని ప్రాసెస్‌ని ఆపెయ్యడమే మంచిది, ప్రాసెస్‌లకి కాపలా కాసే పీఎం2నో సిస్టమ్‌డీనో మళ్లీ లేపుతుంది. పట్టుకుని ముందుకు లాగుదాం అనుకోకండి, లోపల ఏది సగంలో ఆగిందో అప్పటికి ఎవరికీ తెలియదు.

ప్రశ్న: ఎరువులు, పురుగుమందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర సాఫ్ట్‌వేర్ చూస్తున్నా. మా సేల్స్ కుర్రాళ్లు ఉద్దానం ఊళ్లలో తిరుగుతూ ఫోన్‌లోనే ఆర్డర్ కొడతారు. సిగ్నల్ అంతంతమాత్రం. టైమవుట్ అని వస్తే మళ్లీ నొక్కుతారు. మొన్న ఓ షాపాయన ఫోన్ చేసి 'ఏటి బాబూ, ఒక లోడు అడిగితే రెండు లోడులు దించీసారు' అని తిట్టాడు. బటన్‌ని ఒకసారి నొక్కాక పనిచెయ్యకుండా చేశాం, అయినా తగ్గలేదు.
– ఒక పాఠకుడు, మందస

జవాబు: బటన్ మీద పడితే లాభం లేదండీ, బటన్ నిర్దోషి. టైమవుట్ అనేది మిగతా ఎర్రర్లలాంటిది కాదు. 400 వస్తే ఆర్డర్ ఎక్కలేదని ఖాయం. టైమవుట్ వస్తే మాత్రం మూడు జరిగి ఉండొచ్చు: రిక్వెస్ట్ సర్వర్ దాకా వెళ్లనే లేదు, వెళ్లింది కానీ లోపల ఏదో చెడింది, లేదా వెళ్లి ఆర్డర్ శుభ్రంగా ఎక్కింది కానీ 'ఎక్కింది' అన్న జవాబు దారిలో పోయింది. మనియార్డరు చేసి, రసీదు రాలేదు కదా అని మళ్లీ మనియార్డరు చేసినట్టు ఉంటుంది మీవాళ్లు మళ్లీ నొక్కడం. ఫోన్‌కి ఈ మూడింట్లో ఏది జరిగిందో తెలుసుకునే దారే లేదు. కాబట్టి మళ్లీ నొక్కినా నష్టం లేకుండా సర్వర్‌నే తయారు చెయ్యాలి.

హెచ్‌టీటీపీలో గెట్ (చదవడం), పుట్ (ఉన్నచోట రాయడం), డిలీట్‌లని (తీసెయ్యడం) ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకసారి పంపినట్టే ఉండాలని నియమం. కొత్తది పంపే పోస్ట్‌కి ఆ హామీ లేదు, మీ ఆర్డర్ వెళ్లేది పోస్ట్‌లోనే. దీనికి వ్యాపార ఏపీఐల్లో బాగా అలవాటైన పద్ధతి ఐడెంపొటెన్సీ కీ. ఆర్డర్ స్క్రీన్ తెరిచినప్పుడు ఫోన్ ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని పొడవాటి గుర్తు) తయారు చేసుకుంటుంది, ఆర్డర్‌తో పాటు దాన్ని హెడర్‌లో పంపుతుంది. సర్వర్ ఆ కీని ఒక టేబుల్‌లో రాసుకుంటుంది. అదే కీతో మళ్లీ వస్తే కొత్త ఆర్డర్ వెయ్యకుండా మొదటిసారి ఇచ్చిన జవాబునే తీసి ఇస్తుంది. మీ కుర్రాడు పదిసార్లు నొక్కినా లోడు ఒకటే.

చెప్పినంత తేలిక కాదు, తప్పులు దొర్లేది ఇక్కడే. నొక్కిన ప్రతిసారీ కొత్త కీ తయారైతే ఈ ఏర్పాటంతా దండగ, ఒక ఆర్డర్‌కి ఒకే కీ, అది ఫోన్ మెమరీలో ఉండాలి, యాప్ మూసి తెరిచినా పోకూడదు. సర్వర్ వైపు 'ఈ కీ ఉందా' అని చూసి, లేకపోతే రాయడం అని రెండు అడుగులు వేస్తే, ఆ రెండిటి మధ్య సందులో రెండో రిక్వెస్ట్ దూరుతుంది. కీ మీద యూనిక్ ఇండెక్స్ (అదే విలువని రెండోసారి రాయనివ్వని ఏర్పాటు) పెట్టి, కీ రాయడం, ఆర్డర్ రాయడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు) చెయ్యండి. అప్పుడు రెండోవాడికి డేటాబేసే అడ్డుపడుతుంది: పోస్ట్‌గ్రెస్ అయితే 23505, మైఎస్‌క్యూఎల్ అయితే 1062 అన్న నంబరుతో ఎర్రర్ ఇస్తుంది. దాన్ని 500గా బయటికి వదలకండి, అది మీకు కావాల్సిన వార్తే. పట్టుకుని పాత జవాబు వెతికి ఇవ్వండి. మొదటిది ఇంకా నడుస్తూ ఉంటే 409 ఇచ్చి కాసేపాగి రమ్మనండి. అదే కీతో వేరే సరుకు వస్తే మాత్రం యాప్‌లో బగ్ ఉన్నట్టు, 422 ఇచ్చి ఆపెయ్యండి.

డబ్బులు కూడా ఆన్‌లైన్‌లో తీసుకుంటుంటే ఇంకా జాగ్రత్త. పేమెంట్ టైమవుట్ అయితే 'ఫెయిల్' అని ఎప్పుడూ రాయకండి, 'పెండింగ్' అని రాసి, పేమెంట్ గేట్‌వేని స్టేటస్ అడిగి తేల్చుకోండి. యూపీఐలో పెండింగ్ చూడనివాళ్లు మన దగ్గర ఎవరున్నారు చెప్పండి, అక్కడ తొందరపడి 'ఫెయిల్, మళ్లీ కట్టండి' అన్న యాప్ మీద ఎంత కోపం వస్తుందో మీకూ తెలుసు.

ప్రశ్న: డ్వాక్రా సంఘాల వివరాలు ఎక్కించే యాప్ మీద పని చేస్తున్నాను. ఎర్రర్లన్నీ ఇంగ్లీషులో వస్తాయి, వాడేవాళ్లకి అర్థం కావు. సర్వర్ నుంచే తెలుగులో పంపాలా? ఇంకో ఇబ్బంది, 'పైడితల్లి' అని తెలుగులో పేరు కొడితే 'చెల్లని పేరు' అంటుంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రెండో దానితో మొదలుపెడతాను, నాకు కోపం తెప్పించింది అదే. పేరులో ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలే ఉండాలని ఎవరో రూలు రాశారు, ఇంటిపేరు తప్పనిసరి అని ఇంకెవరో పెట్టారు. పైడితల్లి అమ్మవారి ఊళ్లో పైడితల్లి అన్న పేరు చెల్లకపోతే తప్పు ఆవిడది కాదు, మీ వ్యాలిడేషన్‌ది. పేరు ఖాళీగా లేకుండా, మరీ చేంతాడంత లేకుండా ఉంటే చాలు, అంతకుమించి ఏ రూలూ వద్దు.

పొడవు దగ్గర కూడా తెలుగుకి తిరకాసుంది. 'శ్రీకాకుళం' మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 10, యూటీఎఫ్-8లో 30 బైట్లు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో వార్‌క్యార్ పరిమితి యూనికోడ్ లెక్కన ఉంటుంది, ఒరాకిల్‌లో మార్చకపోతే బైట్ల లెక్క. ఇంగ్లీషులో టెస్ట్ చేసినప్పుడు 30 చాలనుకున్న కాలమ్‌లో తెలుగులో ఊరిపేరు, మండలం కలిపి కొడితే పట్టదు, ఒరాకిల్ 12899 అన్న ఎర్రర్ ఇస్తుంది, మీ సర్వర్ దాన్ని 500 చేసి 'ఏదో తప్పు జరిగింది' అంటుంది. ఆవిడేమో నెట్ లేదేమోననుకుని మళ్లీ మళ్లీ నొక్కుతుంది. డేటాబేస్ దాకా పోనివ్వకుండా ముందే కొలిచి, ఏ గడిలో ఎంత ఎక్కువైందో చెప్పి 422 ఇవ్వాలి, లేదా కాలమ్‌నే పెంచాలి. పెంచడమే మర్యాద.

ఇక భాష. సర్వర్ ఒక మారని కోడ్ పంపాలి, 'ఫోన్_అంకెలు_తక్కువ' లాంటిది, దాన్ని తెలుగు వాక్యంగా మార్చేది యాప్. ఎందుకంటే వాక్యం రేపు మార్చుకుంటారు, ఇంకో భాష కలుపుతారు, దానికోసం సర్వర్‌ని ముట్టుకోవక్కర్లేదు. సర్వర్ పంపిన వాక్యాన్ని పోల్చి చూసి యాప్ నిర్ణయం తీసుకునేలా మాత్రం ఎప్పుడూ రాయకండి, ఎవరో ఒక చుక్క తీసేస్తే యాప్ చెడుతుంది. ఈ జవాబు ఆకారానికి ఒక ప్రమాణం కూడా ఉంది: 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7807గా వచ్చి, 2023లో 9457గా మారింది. టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టన్స్ అని ఐదు గడులు, మీకు కావాల్సినవి ఇంకా కలుపుకోవచ్చు. మీ తప్పుల లిస్టుని అందులో కలపండి, గడికో వరుస. ఒక తప్పు చెప్పి, అది దిద్దాక ఇంకోటి చెప్పి, అది దిద్దాక మూడోది చెప్పడం చూస్తుంటాం, అది మనుషుల్ని ఏడిపించడం. ఉన్నవన్నీ ఒకేసారి చెప్పండి.

వాక్యం విషయానికొస్తే 'చెల్లని ఇన్‌పుట్' అన్నది తెలుగులో ఉన్నా ఎవరికీ ఉపయోగం లేదు. 'ఫోన్ నంబరులో 9 అంకెలే ఉన్నాయి, 10 ఉండాలి' అనండి. తప్పు సర్వర్‌దైతే ఆ మాటా చెప్పండి: 'మా దగ్గర ఇబ్బంది వచ్చింది, మీరు రాసినవి పోలేదు, కాసేపాగి మళ్లీ పంపండి.' రాసినవి పోలేదు అన్న రెండు మాటలు చదివితే సగం టెన్షన్ తగ్గుతుంది, కాకపోతే అది నిజమయ్యేలా యాప్‌లో దాచి ఉంచాలి మరి.

ప్రశ్న: మా సైట్‌లో ఎర్రర్ వస్తే డేటాబేస్ టేబుళ్ల పేర్లు, సర్వర్‌లో ఫోల్డర్ల దారి అన్నీ స్క్రీన్ మీద కనబడ్డాయి. కస్టమర్ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఏం దాచాలి, ఏం చూపించాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ముందు నోడ్ ఎన్విరాన్‌మెంట్‌ని ప్రొడక్షన్ చేశారా లేదా చూడండి. అది పెట్టకపోతే ఎక్స్‌ప్రెస్ తన సొంత ఎర్రర్ పేజీలో స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఏ ఫైలులో ఏ వరుసలో వచ్చిందో చెప్పే జాబితా) మొత్తం కక్కేస్తుంది, పెడితే మానేస్తుంది. నోడ్ కాకపోయినా ఇలాంటి మీట ఒకటి అన్నిట్లోనూ ఉంటుంది.

500 వచ్చినప్పుడు బయటికి వెళ్లాల్సినవి ఒక మామూలు వాక్యం, ఒక రిఫరెన్స్ నంబరు, అంతే. రిక్వెస్ట్ లోపలికి రాగానే దానికొక ఐడీ ఇచ్చి, ప్రతి లాగ్ వరుసలోనూ అదే రాసి, జవాబులోనూ అదే పంపండి. కస్టమర్ ఫోన్ చేసి ఆ నంబరు చదివితే మీరు లాగ్‌లో నేరుగా అక్కడికే వెళ్తారు, 'ఎప్పుడు జరిగిందండీ, ఏం నొక్కారండీ' అని బతిమాలక్కర్లేదు. లాగ్‌లో స్టాక్ ట్రేస్, ఏ రూట్, ఏ యూజర్ ఐడీ, ఎంతసేపు పట్టింది అన్నీ ఉండాలి. పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్ నంబరు, లాగిన్ టోకెన్ మాత్రం ఉండకూడదు. రిక్వెస్ట్ బాడీని ఉన్నదున్నట్టు లాగ్‌లో పారబోసే అలవాటుంటే ఇవాళే మానండి, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అది లేకపోయినా అది చెయ్యాల్సిన పని కాదు.

400ల్లోనూ దాచాల్సినవి కొన్నున్నాయి. లాగిన్‌లో 'ఈ ఈమెయిల్ మా దగ్గర లేదు' అని ఒకసారి, 'పాస్‌వర్డ్ తప్పు' అని ఇంకోసారి చెబితే, ఎవరెవరికి మీ దగ్గర ఖాతా ఉందో ఓపికున్నవాడు జాబితా రాసుకుంటాడు. రెండిటికీ ఒకే మాట చెప్పండి. ఇంకొకరి ప్రైవేట్ వస్తువు అడిగినవాడికి 403 బదులు 404 ఇవ్వడం కూడా ఇందుకే, గిట్‌హబ్ ప్రైవేట్ రిపోలకి అదే చేస్తుంది. ముందు బాబాయి బిల్లుకి 403 అన్నాను కదా, బిల్లు నంబర్లు వరుసగా ఉంటే అది ఉందని తెలిసినా పెద్ద నష్టం లేదు. ఉందన్న సంగతే రహస్యమైతే 404.

ప్రశ్న: 502కి, 504కి తేడా ఏంటి? రెండిట్లోనూ మా యాప్ 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్' అంటుంది.
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఆ రెండూ సాధారణంగా మీ కోడ్ పంపినవి కావు, ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ పంపింది. వెనక నోడ్ చచ్చిపడి ఉంటే 502, బతికే ఉంది కానీ టైములో జవాబివ్వకపోతే 504. మార్చకపోతే 60 సెకన్లు చూస్తుంది. 504 వస్తే వెనక పని ఇంకా నడుస్తూ ఉండొచ్చు, మందస పాఠకుడికి చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది. ఆ టోకెన్ గోల ఎందుకంటే ఎన్‌జిన్‌ఎక్స్ పంపేది హెచ్‌టీఎంఎల్ పేజీ, యాప్ దాన్ని జేసన్ అనుకుని విప్పబోయి మొదటి కోణం గుర్తు దగ్గరే బోర్లా పడుతుంది. విప్పే ముందు కంటెంట్ టైప్ చూడండి, లేదా ఎన్‌జిన్‌ఎక్స్ ఎర్రర్ పేజీలనే జేసన్‌గా మార్చండి. రెండూ చేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మా మండలంలో షాపులకి బిల్లింగ్ యాప్ ఇచ్చాం. కరెంటు, నెట్ పోతే బిల్లులు ఫోన్‌లోనే ఉండి, తర్వాత వెళ్తాయి. గాలివాన తర్వాత నెట్ రాగానే అన్ని షాపులూ ఒక్కసారే పంపి సర్వర్ పడిపోయింది, లేపితే మళ్లీ పడింది.
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మీ వైపు రోజుల తరబడి కరెంటు లేని సంగతి గుర్తుండే ఉంటుంది, అలాంటి చోట ఫోన్‌లో దాచి పంపడం మంచి ఆలోచనే. చిక్కల్లా అందరూ ఒకే తాళానికి అడుగులెయ్యడంలో ఉంది. మీ యాప్ ప్రతి 5 సెకన్లకీ ప్రయత్నిస్తుంటే, సర్వర్ లేచిన ప్రతిసారీ అందరూ కలిసి దాని మీద పడతారు. విఫలమైన కొద్దీ ఎడం పెంచండి: 1 సెకను, 2, 4, 8 అలా, ఎక్కడో ఒక చోట ఆపండి. అంతకన్నా ముఖ్యం, ఆ ఎడంలో కొంత యాదృచ్ఛికంగా కలపండి, లేకపోతే అందరూ 8వ సెకనులో మళ్లీ కలుసుకుంటారు.

సర్వర్ వైపు, మోయగలిగినంతే తీసుకుని మిగతావాళ్లకి వెంటనే 503 చెప్పి, 'రీట్రై-ఆఫ్టర్' హెడర్‌లో ఎన్ని సెకన్లు ఆగాలో రాయండి. యాప్ ఆ హెడర్‌ని గౌరవించాలి. అందరినీ క్యూలో నిలబెట్టి ఎవరికీ జవాబివ్వలేకపోవడం కన్నా కొందరిని గుమ్మంలోనే వెనక్కి పంపడం నయం. 400 వచ్చిన బిల్లుని మాత్రం మళ్లీ మళ్లీ పంపకండి, అది ఎన్నిసార్లు పంపినా ఎక్కదు, పైగా దాని వెనకున్న బిల్లులన్నీ ఆగిపోతాయి. దాన్ని పక్కన పెట్టి షాపువాళ్లకి చూపించండి, మిగతావి సాగనివ్వండి.

ప్రశ్న: 418 అని 'నేను టీ కెటిల్‌ని' అనే కోడ్ ఉందట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: 1998 ఏప్రిల్ 1న సరదాగా రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2324లోది, కాఫీ కాచే యంత్రాలకి ప్రోటోకాల్ అని. ఇప్పటి ప్రమాణంలో ఆ నంబరుని వాడుకలో లేనిదిగా అట్టే పెట్టి ఉంచారు. మీ ఏపీఐలో వద్దు.

ప్రశ్న: ఎర్రర్లు సరిగ్గా పట్టుకుంటున్నామో లేదో ఎలా చూసుకోవాలి? అన్నీ బాగున్నప్పుడు ఎర్రర్ రాదు కదా.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: రాకపోతే మీరే రప్పించండి. టెస్ట్ సర్వర్‌లో డేటాబేస్ ఆపేసి ఒక ఆర్డర్ పెట్టి చూడండి: ఎన్ని సెకన్లకి జవాబొచ్చింది, 503 వచ్చిందా లేక నిమిషం పాటు తిరిగి 504 వచ్చిందా. చాలామందికి రెండోదే వస్తుంది, ఎందుకంటే డేటాబేస్ కనెక్షన్‌కి టైమవుట్ పెట్టి ఉండరు. తర్వాత డేటాబేస్‌ని లేపి, సర్వర్‌ని రీస్టార్ట్ చెయ్యకుండానే మళ్లీ కనెక్ట్ అవుతోందా చూడండి. బాడీ లేకుండా ఒకటి, సగం జేసన్‌తో ఒకటి, తెలుగు పేరుతో ఒకటి, ఒకే కీతో ఒకేసారి రెండు పంపండి. ఎస్‌ఎంఎస్ ఇచ్చే బయటి సర్వీసు బదులు అరగంట దాకా నోరు విప్పని డమ్మీ సర్వర్ పెట్టండి. వచ్చిన ప్రతి రిఫరెన్స్ నంబరునీ లాగ్‌లో వెతకండి, ఒక్కటి దొరకకపోయినా ఆ రూట్‌లో ఎవరో ఎర్రర్‌ని మింగేస్తున్నారని లెక్క. ఆ ఫైలు తెరిచి, లోపల ఏమీ లేని క్యాచ్ ఎక్కడుందో చూడండి.